సాక్షి ఇటుక

మార్చి 3

అక్కకి,

నేను క్షేమం. నువ్వు క్షేమమని నమ్ముతున్నాను అని రాయాలి గానీ, నమ్మడం నా ఉద్యోగంలో లేని పని. కాబట్టి క్షేమమేనని నువ్వు వేరే రాసి పంపు.

నువ్వు వద్దన్నా వెళ్ళాను. "ఎముకలు చూడ్డానికి టికెట్టు కొనుక్కోవడమేమిట్రా, ఆ ఊళ్ళో అంత పెద్ద చెరువుంది, హాయిగా పడవెక్కు" అని రాశావు. చిన్నప్పుడు పడవలో నీ కొత్త పరికిణీ మీద కక్కినవాణ్ణి నేను. ఆ పరికిణీ గురించి పదేళ్ళు దెప్పిపొడిచావు. అలాంటిది నన్ను పడవెక్కమన్నావంటే, సొరంగాల్లోకి వెళ్ళకుండా ఆపడానికే అనిపించింది. అనిపించాక ఆగగలనా?

కంపెనీ నన్ను ఈ ఊళ్ళో రెండు నెలలు పడేసింది కదా. గోదాము తగలబడిందనీ గోడ కూలిందనీ బీమా అడిగేవాళ్ళ కాగితాలు చూసి, అందులో నిజమెంతో కల్పనెంతో తేల్చడమే ఇక్కడా పని. ఆదివారాలు మాత్రం ఏమీ తోచదు. మొన్న ఆదివారం వరుసలో నిలబడి, హెల్మెట్టు పెట్టించుకుని, నూట పన్నెండు మెట్లు దిగాను.

ఊరి కింద ఇంకో ఊరు ఉందక్కా. ఎప్పుడో ఇళ్ళు కట్టుకోవడానికి రాయి తవ్వుకున్న బొరియలట. తర్వాత పైన శ్మశానంలో జాగా చాలక చచ్చిపోయినవాళ్ళను అక్కడికి దించారు. గోడల నిండా అరలు, మన బట్టల కొట్లో తానులు సర్దినట్టు అరల నిండా ఎముకలు. గైడు పిల్ల చేతిలో పసుపు జెండా పట్టుకుని ముందు నడిచింది. "దేన్నీ ముట్టుకోవద్దు" అని పదకొండుసార్లు చెప్పింది. నా పక్కనున్న పెద్దమనిషి, ఆడవాళ్ళకి వేరే గది ఉందా అని అడిగాడు. ఇక్కడికొచ్చాక ఎవరికీ ఆ పట్టింపు ఉండదండీ అంది ఆ పిల్ల.

ఇప్పుడు అసలు సంగతి. అయిదో గదిలో కప్పు కుంగిపోతుంటే ఎప్పుడో ఇటుకతో ఒక స్తంభం కట్టారు. అందులో నడుము ఎత్తున ఒక ఇటుక మిగతావాటిలా లేదు. తల బయటికి పెట్టి, వేలెడు ముందుకొచ్చి ఉంది. చుట్టూ సిమెంటు లేదు.

నీకు గుర్తు లేదని మాత్రం రాయకు. మందపు గోడ కట్టినప్పుడల్లా నాన్న ఒక ఇటుకను అలా వదిలేసేవాడు. సాక్షి అనేవాడు దాన్ని. మూడో రోజు దాన్ని లాగి, లోపల వేళ్ళు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే గోడ మీద బరువు పెట్టనిచ్చేవాడు. తడి తగిలితే ఇంకో రెండు రోజులు ఆగమనేవాడు. పూత పూసే గోడైతే చూశాక మూసేసేవాడు. పూత లేని గోడైతే, తర్వాత వచ్చే మేస్త్రి చూసుకుంటాడని అలాగే ఉంచేవాడు. ఈ పని ఇంకెవరూ చేయగా నేను చూడలేదు. పదిహేనేళ్ళుగా కూలిన గోడలే చూస్తున్నాను నేను.

ఆ స్తంభం కింద తడి సిమెంటులో మేకుతో గీసిన సంవత్సరం ఉంది. నాన్న పోయాడని మనకు కబురొచ్చిన ఏడాదికి ఆరేళ్ళ తర్వాతిది.

దీనికి ఏమంటావు?

నీ తమ్ముడు,
రేడియో


మార్చి 10

చిరంజీవి రేడియోకి అక్క దీవెనలు.

నేను క్షేమమే. నువ్వడిగావని వేరే రాస్తున్నాను, కావాలంటే స్టాంపు కూడా వేయిస్తాను.

ముందు ఒక మాట. నాకు ఫోన్లు చేయకు. ముప్పై మిషన్ల మధ్య ఇరవై ఏళ్ళు కుట్టి నా చెవులు పోయాయి. మొన్న నువ్వు ఏదో అడిగావు, నేను "సరే" అన్నాను, దేనికి సరేనన్నానో నాకే తెలియదు. అది లెక్కలోకి తీసుకోకు. ఉత్తరమే రాయి.

నీ ఇటుక సంగతి చదివి నవ్వొచ్చింది. నాన్న దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళలో ఎవడో అటుపోయి ఉంటాడు, గురువు చేసినట్టే చేసి ఉంటాడు. నువ్వు గోడలు చూసీ చూసీ ఆఖరికి చచ్చిపోయినవాళ్ళ మీద కూడా దర్యాప్తు మొదలుపెట్టావు. వాళ్ళేమీ బీమా అడగలేదు కదా.

నువ్వు వచ్చే నెల తిరిగి వెళ్తూ మా ఇంట్లో దిగుతానన్నావు. దిగడానికి లేదు నాన్నా. బాత్రూము గోడ నెమ్మెక్కి పడిపోయింది, ఇల్లంతా ఇటుకలూ ఇసుకా. మేడ మీద అద్దెకుంటున్న పెద్దాయన దగ్గరుండి కట్టిస్తున్నారు. అది ఎప్పటికయ్యేనో. బస్టాండు దగ్గర టీ కొట్లో కలుద్దాం, ఎప్పటిలాగే. నీకు రెండు చొక్కాలు కుట్టి ఉంచాను. ఈసారి చంక దగ్గర వదులు పెట్టాను. పోయినసారి బిగుతయ్యాయని నువ్వు అనలేదు గానీ చెయ్యి ఎత్తకుండా కూర్చున్నావు, చూశాను.

వేళకు తిను. సొరంగాల్లోకి మళ్ళీ వెళ్ళకు, చెమ్మ నీ ఛాతీకి పడదు.

అక్క


మార్చి 17

అక్కకి,

వెళ్ళాను. ఛాతీ బాగానే ఉంది.

ఈసారి గైడు పిల్ల గుర్తుపట్టింది. ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి రారట, వచ్చినవాళ్ళు వింతగా ఉంటారట. నేనూ పదహారు మంది ముందు వింతగానే నిలబడ్డాను. ఆమె వేల ఏళ్ళ కిందటి విషయాలు చెబుతుంటే, ఈ స్తంభం కట్టిన మేస్త్రి ఎవరండీ అని అడిగాను. అది నా పాఠంలో లేదండీ, పైన హెల్మెట్లు ఇచ్చే ముసలాయన్ని అడగండి అంది.

ఆయన నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. హెల్మెట్లు తుడుస్తూ మాట్లాడాడు. ఆయన చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"మేస్త్రా? ఆయన ఇరవై ఏళ్ళ పైన పనిచేశాడు బాబూ ఇక్కడ. ఎడమచెయ్యి బొటనవేలు సగమే ఉండేది. మాట తక్కువ. పైన ఎన్ని పనులొచ్చినా పోయేవాడు కాదు. ఎందుకంటే, కింద ఉన్నవాళ్ళు మనల్ని ఏమీ అడగరు కదా అనేవాడు. నాలుగేళ్ళ కిందట చూపు ఆనడం లేదని మానేశాడు. తర్వాత కనపడలేదు."

నాన్న ఎడమ బొటనవేలు ఎక్కడ పోయిందో నీకు తెలుసు. బావి ఒరలు దించుతుంటే నలిగింది. కట్టు కట్టింది నువ్వే.

ఇంకా విను. "ఏడాదికి రెండుసార్లు ఒకావిడ వచ్చేది బాబూ. టిఫిన్ క్యారియరు, కొత్త చొక్కాలు తెచ్చేది. ఇద్దరూ ఆ బెంచీ మీద కూర్చుని తినేవాళ్ళు. భార్యేనని మేమంతా అనుకునేవాళ్ళం. ఆ చొక్కాలకి ఎడమపక్క జేబు నడుందాకా ఉండేది, గోడ నిలువు చూసే తూకం గుండు దారంతో సహా పట్టేది. అలాంటి జేబు నాకూ ఒకటి కుట్టించమంటే నవ్వేవాడు."

అంత పొడుగు జేబు పెట్టి చొక్కా కుట్టేది లోకంలో ఒక్క మనిషే. ఆ మనిషి మొన్న నాకు చంక దగ్గర వదులు పెట్టింది.

అంటే నాన్న చచ్చిపోలేదు. మనల్ని వదిలేసి, ఇంకొకావిణ్ణి కట్టుకుని, ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ దర్జాగా బతికాడు. నువ్వు ఆ ఇంటికి చొక్కాలు కుట్టి పంపావు. అమ్మ బొట్టు తీసేసి కూర్చుంది, నువ్వు ఆయనకి జేబులు కొలిచావు.

సాయంత్రం గదికి వచ్చి పెట్టె తీశాను. నాన్న పోయాడని వచ్చిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, నీకు తెలియదేమో. "జ్వరంతో పోయాడు, ఇక్కడే మట్టి చేశాం" అని తోటి మేస్త్రి రాసినట్టు ఉన్న ఉత్తరం. ఎన్నిసార్లు చదివి ఏడ్చానో. ఇన్నేళ్ళకి మొదటిసారి ఉద్యోగం చూపుతో చూశాను. కాగితానికి ఎడమవైపు ఎర్రగీత, మూలలో రెండు కుట్టు రంధ్రాలు. మధ్యలోంచి చింపిన నోటుబుక్కు కాగితం. తాపీ మేస్త్రి దగ్గర నోటుబుక్కు ఎందుకుంటుంది?

అప్పుడు మన ఇంట్లో నోటుబుక్కులున్నది నీ దగ్గరా నా దగ్గరా. నేను రాయలేదు.

ఇంకొకటి అడగాలి. మేడ మీద ఆ పెద్దాయన ఎవరు? బావ పోయి ఆరేళ్ళయింది. అద్దె కాగితం రాయించుకున్నావా? నీ ఇంటి గోడ ఆయన దగ్గరుండి కట్టించడమేమిటి? అమ్మ పోయినప్పటినుంచీ నన్ను ఒక్కసారి కూడా గుమ్మం దాటనివ్వలేదు నువ్వు. నాలుగేళ్ళుగా తోబుట్టువుని టీ కొట్లో కలుస్తున్నాను.

తమ్ముడు


మార్చి 23

తమ్ముడికి,

నా మేడ మీద ఎవరున్నారో నీకు కాగితం చూపించాలా? యాభై దగ్గరపడుతున్నదాన్ని, కళ్ళజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కదు, చెవుడు. నా మీద కూడా ఆ అనుమానం వచ్చిందంటే నీ ఉద్యోగానికి దండం పెట్టాలి.

చొక్కాలు నేనే కుట్టాను. ఉత్తరం నేనే రాశాను. చాలా?

మిగతాది అడగకు. నువ్వు ఎవరిని అంటున్నావో నీకు తెలియదు. తెలియకుండా ఇంకో మాట అన్నావంటే మాత్రం నేను ఊరుకోను.

అక్క


మార్చి 28

అక్కా,

చాలదు.

కోపం తెచ్చుకుని సంగతి దాటేయడం నాకు కొత్త కాదు. రోజూ చూస్తుంటాను. గోదాము తగలబెట్టుకున్నవాడు కూడా ముందు నన్ను మర్యాద లేనివాడనే అంటాడు.

నేను ఎవరినీ అనడం లేదు, ఉన్నది అడుగుతున్నాను. ఆ ఆడమనిషి ఎవరు? ఆవిడకి పిల్లలున్నారా? నాకు తమ్ముళ్ళున్నారా ఈ ఊళ్ళో? రోజూ బస్సులో నా పక్కన కూర్చునేవాళ్ళ బొటనవేళ్ళు చూస్తున్నాను, అదేదో వంశపారంపర్యంగా వచ్చేదైనట్టు. పిచ్చి పడుతోంది.

నీకు ఒకటి చెప్పాలి. నాన్న పోయాడని కబురొచ్చాక నేను ఆయన తూకం గుండు తీసుకుని నా స్కూలు సంచిలో పెట్టుకున్నాను. ఏడో తరగతిదాకా మోశాను. భుజం పట్టేసేది. మాస్టారు లాక్కుని కిటికీలోంచి పడేస్తే వెళ్ళి వెతుక్కున్నాను. చచ్చిపోయినవాడి వస్తువని మోశాను. ఆయన మాత్రం అప్పుడు కొత్త గుండు కొనుక్కుని, నువ్వు కుట్టిన జేబులో వేసుకుని, ఎవరితోనో బెంచీ మీద కూర్చుని అన్నం తింటున్నాడు.

ఆవిడ సంసారాన్ని చెడగొట్టిన మనిషి. అలాంటిదానికి నువ్వు సాయం చేశావు. అమ్మకి తెలిస్తే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించావా? పాపం, ఏడాదికి రెండుసార్లు కళ్ళాసుపత్రికని పొరుగూరు వెళ్ళి, అయిదారు రోజులు పెద్దమ్మ ఇంట్లో ఉండి, ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చేది. నేను పోస్టాఫీసు పక్క మందుల కొట్టుదాకా వెళ్ళి కళ్ళమందు తెచ్చేవాణ్ణి.

నిజం రాయి. రాయకపోతే వచ్చే నెల టీ కొట్టుకి కూడా రాను. ఇకమీదట చొక్కాలు బజార్లో కొనుక్కుంటాను.


ఏప్రిల్ 4

రేడియోకి,

నీ ఉత్తరం నాలుగు రోజులు మిషను సొరుగులో పెట్టాను. అమ్మని అంత మాట అన్నాక ఇక దాచడం నావల్ల కాదు.

ఏడాదికి రెండుసార్లు వచ్చిన ఆడమనిషి అమ్మ.

కళ్ళాసుపత్రి లేదు, పెద్దమ్మ ఇల్లూ లేదు. అమ్మకి కళ్ళు ఎందుకు ఎర్రబడేవో ఇప్పుడు తెలిసిందా? టిఫిన్ క్యారియరు మన ఎరుపు మూతదే. బొట్టు ఇక్కడ చెరుపుకుని, అక్కడ బస్సు దిగి పెట్టుకునేది. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు కుళాయి దగ్గర కడుక్కునేది. ఒకసారి మరిచిపోయి అలాగే వచ్చేసింది. ఆసుపత్రిలో ఎవరో పెద్దావిడ పెట్టిందన్నాను నీతో. నువ్వు నమ్మావు. అప్పుడు నమ్మేవాడివి.

ఎందుకు దాచామని అడుగుతావు. చెప్తాను, కూర్చుని చదువు.

నీకు పదేళ్ళు. సెలవుల్లో నాన్న వెంట పనికి వెళ్ళి దారం పట్టుకునేవాడివి. స్కూలు వెనక సామాన్ల గది కట్టారు, గుర్తుందా? కాంట్రాక్టరు తొందరపెడితే, మూడో రోజు చూడాల్సిన ఇటుక చూడకుండానే నాన్న ఆ గోడ మీద కప్పు వేయనిచ్చాడు. వాన పడింది. గోడ కూలింది. లోపల సిమెంటు బస్తాలు సర్దుతున్న కూలి మనిషి ఒకాయన చచ్చిపోయాడు.

ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. కాంట్రాక్టరు, నాన్న ఇద్దరూ ఇటుక తీసి చూశామన్నారు. నాన్న ఆ ఒక్కసారే అబద్ధమాడాడు, భయపడి. అప్పుడు వాళ్ళలో ఒకాయన నిన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి, "బాబూ, మీ నాన్న ఆ ఇటుక లాగి చూశాడా?" అని అడిగాడు. "లేదండీ. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు తీయలేదు" అన్నావు. చక్కగా, పాఠం అప్పజెప్పినట్టు.

ఆ సాయంత్రమే నాన్న వెళ్ళిపోయాడు.

నువ్వు తప్పు చెప్పలేదురా. ఉన్నది చెప్పావు. అదే మాకు కష్టమైంది. వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి, నీ బళ్ళో కూడా నిన్నే అడిగేవాళ్ళు, నాన్న ఉత్తరం రాశాడా, డబ్బు పంపాడా అని. నీ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే కదా రేడియో అన్నాం. నువ్వు వాగుడుకాయవని ఆ పేరు పెట్టామనుకున్నావు ఇన్నాళ్ళూ. నీకు నాన్న బతికున్నాడని తెలిస్తే చెప్పేస్తావు. చెప్పొద్దంటే, "చెప్పొద్దన్నారండీ" అని కూడా చెప్తావు. ఎనిమిది నెలలు చూసి, అమ్మ, నేను ఆలోచించి ఆ ఉత్తరం రాశాం. నా లెక్కల నోటుబుక్కు మధ్య కాగితం. అమ్మ చెబుతుంటే రాశాను. నువ్వు ఏడుస్తుంటే ఇద్దరం పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాం.

తర్వాత నువ్వు పెద్దవాడివయ్యావు. చెబుదామనుకున్నాం. కానీ నీకు ఆ ఉద్యోగం వచ్చింది. గోడ కూలితే తప్పెవరిదో రాసే ఉద్యోగం. నాన్నకి ఆ మాట చెబితే అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడట. అమ్మ చెప్పింది.

నిన్ను అనుమానించాం. ఇంట్లో అందరికన్నా చిన్నవాడివి, నిజం తప్ప తెలియనివాడివి, నిన్నే అనుమానించాం. అమ్మ పోయేముందు నీ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఊరుకుంది చూడు, అది ఇదే.

ఇక నన్ను ఏమీ అడగకు.

అక్క


ఏప్రిల్ 20

అక్కకి,

రెండు వారాలు రాయలేదు. రాయడానికి కూర్చుంటే బిస్కెట్ల పొట్లమే గుర్తొచ్చేది. నాకు అది బాగా గుర్తుంది, తెలుసా? పచ్చ కాగితం, లోపల తొమ్మిది బిస్కెట్లు. ఆయన ఎందుకిచ్చాడో మాత్రం గుర్తు లేదు. మంచిపిల్లాణ్ణని ఇచ్చాడనుకున్నాను ఇన్నేళ్ళూ. నీకు రెండు పెట్టాను. నువ్వు తినలేదు.

అమ్మని అన్న మాటలకి ఏం చెప్పను? ఆ ఉత్తరం నీ దగ్గరుంటే చింపెయ్. నాన్న నాకు రెండుసార్లు చచ్చిపోయాడు. మొదటిసారి ఏడ్చాను. ఈసారి ఏం చేయాలో తెలియక ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను. ఒక గోడ కూలిన ఫైలు నా బల్ల మీద పది రోజులుగా ఉంది. మేస్త్రి తప్పని రాయాలి. తప్పే. రాస్తాను. కానీ ఆయనకి పిల్లలెంతమంది అని మొదటిసారి అడిగాను.

నిన్న మళ్ళీ దిగాను. మూడోసారి. గైడు పిల్ల నన్ను చూసి జెండా ఊపింది. అందరితో పాటు నడిచి, అయిదో గదిలో బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి వెనకబడ్డాను. వాళ్ళ మాటలు మలుపు తిరిగాయి. నేనూ ఎముకలూ మిగిలాం.

ఆ ఇటుకను మూడు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపాను, నాన్న చేసినట్టే. గట్టిగా లాగకూడదు, అది దానంతటదే రావాలి అనేవాడు. వచ్చింది. లోపల చెయ్యి పెట్టాను.

ఒప్పుకుంటున్నాను, ఏదో ఉంటుందని ఆశపడ్డాను. ఒక కాగితం ముక్కో, ఏదైనా గుర్తో. ఏమీ లేదు. మణికట్టుదాకా పోనిచ్చి నాలుగు పక్కలా తడిమాను. చుట్టూ గదంతా చెమ్మ, కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి, నా చొక్కా వీపుకి అంటుకుంది. లోపల మాత్రం పొడిగా ఉందక్కా. పాతికేళ్ళయినా పొడిగా ఉంది. చూసి కట్టాడు. అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు, అడిగేవాళ్ళెవరూ లేరు, అయినా చూసి కట్టాడు.

ఇటుక వెనక్కి పెట్టేశాను. వేళ్ళకి ఎర్రటి పొడి. కింద నేల మీద కూడా కొంచెం రాలింది. అంతలో జెండా తిరిగొచ్చింది. లెక్కలో ఒకరు తగ్గారట.

"సార్, ఇక్కడ ఏమైనా కదిపారా?" అంది, నేల వైపు చూస్తూ.

"లేదండీ," అన్నాను.

చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆ పిల్ల నమ్మింది. రోజూ నాతో అబద్ధాలాడేవాళ్ళు ఎంత కష్టపడతారో చూస్తుంటాను, నాకు ఏ కష్టమూ కాలేదు. నలభై ఒక్క ఏళ్ళకి మొదటి అబద్ధం, ఒకే ఒక్క మాట.

పైకొచ్చాక హెల్మెట్టు ఇస్తుంటే ముసలాయన నా వేళ్ళు చూశాడు. తుడిచే గుడ్డ నా వైపు తోశాడు.

నెలాఖరుతో ఇక్కడ పని అయిపోతుంది. టీ కొట్టుకి వస్తాను. చొక్కాలు పట్టుకురా.

నీ రేడియో


ఏప్రిల్ 24

చిరంజీవి రేడియోకి,

నీ ఉత్తరం మేడ మీద చదివాను. పెద్దాయనకి కళ్ళు ఆనవు, నాకు చెవులు వినపడవు. అందుకని మా ఇంట్లో ఉత్తరం చదివితే వీధిలో వాళ్ళకి కూడా తెలుస్తుంది. కిటికీలు మూసి చదివాను.

"లోపల పొడిగా ఉంది" అన్నచోట ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. అలా మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత నువ్వు ఆ పిల్లకి చెప్పిన జవాబు చదివాను.

"ఎవరు, వాడా?" అన్నాడు.

"వాడే," అన్నాను.

"లేదండీ అన్నాడా?"

"అన్నాడు నాన్నా."

గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడనుకున్నాను. కాదు.

నా కిందటి ఉత్తరం తీసి ఇంకోసారి చూసుకో. నాన్న పోయాడని అందులో నేను ఎక్కడా రాయలేదు. అడగకు అని మాత్రమే రాశాను. కాగితం మీద ఎర్రగీతలూ కుట్టు రంధ్రాలూ పట్టుకునేవాడివి, ఆ ఒక్కటీ చూసుకోలేదు. అమ్మ పోయిన నెలలోనే వెళ్ళి తీసుకొచ్చాను. అప్పటినుంచీ నిన్ను గుమ్మం ఎక్కనివ్వకపోవడం నాకు ఎలా ఉండేదో నీకు తెలియదు. టీ కొట్టు నుంచి వచ్చిన ప్రతిసారీ ఆయన మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. వాడేం తిన్నాడు, చిక్కాడా, జుట్టు నెరిసిందా, అన్నీ అడిగేవాడు. రమ్మందామా అంటే మాత్రం మాట మార్చేవాడు. కేసు ఎప్పుడో మూసేశారు, ఇంకా ఎవరికి భయమని కిందటేడు గట్టిగా నిలదీశాను. "వాడికే" అన్నాడు. "వాడొచ్చి, ఆ రోజు ఇటుక ఎందుకు తీయలేదు నాన్నా అని అడిగితే, నేనేం చెప్పను?"

బాత్రూము గోడ కట్టిస్తున్నారని రాశాను కదా. కట్టించడం లేదు, కడుతున్నాడు. కళ్ళు ఆనకపోయినా వేళ్ళతో తడుముకుంటూ, రోజుకి రెండు వరుసలు. నేను ఇటుకలు అందిస్తున్నాను. ఆఖరి వరుస మూడు రోజుల కిందట అయింది. నడుము ఎత్తున ఒకటి తల బయటికి పెట్టి వదిలేశాడు.

నిన్న మూడో రోజు. తీసి చూడు నాన్నా, పూత పూయిద్దాం, స్నానానికి పక్కింటికి పోలేక చస్తున్నాను అన్నాను. తీయనన్నాడు. వాడొచ్చి చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందో లేదో వాడే చెప్పాలట. అంతవరకూ పూత లేదట.

టీ కొట్టుకి వెళ్ళకు. తిన్నగా ఇంటికి రా.

అక్క